ఐపీ అడ్రస్‌ను బైట్లుగా మార్చడానికి ఏ ఫంక్షన్ ఎంచుకోవాలి?

తిరుపతి లాడ్జీల్లో ఇప్పటికీ నడుస్తున్న కొన్ని పాత డీవీఆర్‌ల (కెమెరా వీడియో రికార్డర్ల) మెనూలో ఐపీ అడ్రస్ మూడేసి అంకెల గళ్ళలో ఉంటుంది. 192.168.10.25 అక్కడ 192.168.010.025గా కనిపిస్తుంది. కెమెరాలు బిగించినవాళ్ళు దాన్ని అలాగే చీటీ మీద రాసి వెళ్తారు. రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్ళు ఆ చీటీ చూసి మీ సాఫ్ట్‌వేర్‌లో అలాగే కొడతారు. వాళ్ళ తప్పేమీ లేదు.

ఆ అడ్రస్ నిజంగా ఎక్కడికి పోతుందన్నది మాత్రం మీరు పిలిచిన ఫంక్షన్‌ని బట్టి ఉంటుంది. సీ భాషలో ఇనెట్_ఏటాన్ పిలిస్తే 192.168.8.21కి పోతుంది. సున్నాతో మొదలైన అంకెల్ని అది ఎనిమిది ఆధారపు లెక్కగా చదువుతుంది కాబట్టి 010 అంటే ఎనిమిది, 025 అంటే ఇరవై ఒకటి. లైనక్స్ మీద జీలిబ్‌సీలో (అక్కడ మామూలుగా ఉండే సీ లైబ్రరీ) ఇనెట్_పీటాన్ పిలిస్తే ఇది చెల్లదని తిప్పి పంపుతుంది. ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో సొంతంగా నాలుగు అంకెలు విడగొట్టుకుంటే 192.168.10.25 అనే వస్తుంది. పైథాన్ 3.9.4లోని ఐపీఅడ్రస్ మాడ్యూల్ 192.168.10.25 అంటుంది, 3.9.5 మాత్రం ఒప్పుకోదు. ఒకే చీటీకి మూడు రకాల జవాబులు.

కాబట్టి వేగాన్నో కోడ్ పొట్టితనాన్నో చూసి ఫంక్షన్‌ని ఎంచుకోవద్దు. ఆ రాత ఎవరి చేతి నుంచి వచ్చింది, దాన్ని ఎంత కచ్చితంగా చదవాలి అన్నవే చూడాలి. రాత రూపం గుమ్మం దగ్గర ఒక్కసారి బైట్లుగా మారాలి. లోపలంతా బైట్లే తిరగాలి. తెర మీద చూపించేటప్పుడో లాగ్ రాసేటప్పుడో మళ్ళీ రాతగా మారాలి. అలిపిరిలో తనిఖీ కిందనే అవుతుంది కదా, బండి ఘాట్ ఎక్కాక కాదు.

(ఫంక్షన్ పేర్లు, పదహారు ఆధారపు హెక్స్ అక్షరాలు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. కోడ్‌లో మామూలు స్పెల్లింగే వాడండి.)

పేర్లలో ఉన్న గుట్టు

ఏ అంటే ఆస్కీ, ఎన్ అంటే నెట్‌వర్క్, పీ అంటే ప్రెజెంటేషన్, అంటే మనిషి చదివే రూపం. ఏటాన్, ఎన్‌టోఏ పాత జంట, వాటికి ఐపీవీ4 (నాలుగు బైట్ల అడ్రస్) తప్ప ఇంకోటి తెలియదు. పీటాన్, ఎన్‌టాప్ తర్వాత వచ్చిన జంట, వీటికి ఐపీవీ4, ఐపీవీ6 (పదహారు బైట్ల అడ్రస్) రెండూ వచ్చు. ఇనెట్_యాడర్ ఏటాన్ కంటే పాతది. గెట్‌యాడర్‌ఇన్ఫో, గెట్‌నేమ్‌ఇన్ఫో పేరున్న హోస్టుల కోసం పుట్టినవే అయినా అంకెల అడ్రస్‌లకూ పనికొస్తాయి. సాకెట్లకు (ప్రోగ్రాం నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారాలకు) ఐపీవీ6 తోడైన తీరును వివరించే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3493 (2003)లో ఈ కొత్త ఫంక్షన్లన్నీ ఉన్నాయి.

ఇనెట్_యాడర్: కొత్త కోడ్‌లో వద్దు

దీని లోపం దాని జవాబులోనే ఉంది. తప్పు రాత ఇస్తే -1 ఇస్తుంది, అంటే 32 బిట్లూ ఒకట్లే. 255.255.255.255 అనే సరైన బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే) అడ్రస్‌కు కూడా అదే విలువ. తప్పుకూ ఒప్పుకూ ఒకే జవాబన్నమాట.

ఇది బయటపడే తీరు విచిత్రంగా ఉంటుంది. ఎవరో 192.168.008.025 అని కొడతారు. ఎనిమిది ఆధారపు లెక్కలో 8 అనే అంకే లేదు, అందుకని ఫంక్షన్ విఫలమై -1 ఇస్తుంది. కోడ్ దాన్ని చూసుకోకుండా యూడీపీ ప్యాకెట్ పంపబోతే లైనక్స్ "పర్మిషన్ డినైడ్" అంటుంది, ఎందుకంటే బ్రాడ్‌కాస్ట్‌కు పంపాలంటే ముందు సాకెట్‌కు ఎస్‌వో_బ్రాడ్‌కాస్ట్ ఆప్షన్ పెట్టాలి. ఆ మాట చూసి సుడో పెట్టి నడిపేవాళ్ళున్నారు. రూట్‌గా నడిపినా అదే మాట వస్తుంది. అనుమతుల గొడవ కాదది, పార్సింగ్ (రాతను చదివి విడగొట్టే) గొడవ.

ఇనెట్_ఏటాన్: కావాలని ఎంచుకుంటేనే

తప్పు జరిగితే సున్నా, సరైతే సున్నా కానిది. ఆ మేరకు యాడర్ కంటే నయం. కానీ దీని ఉదారత ఎక్కువ. 127.1 అంటే 127.0.0.1 అనుకుంటుంది. 10.1.2 అంటే 10.1.0.2. చుక్కే లేకుండా 2130706433 అని ఇచ్చినా 127.0.0.1 అనే చదువుతుంది. 0ఎక్స్‌తో మొదలైతే హెక్స్. ఇంతటితో ఆగదు. జీలిబ్‌సీలో అడ్రస్ తర్వాత ఖాళీ ఉండి ఆ వెనుక ఏ చెత్త ఉన్నా "సరే" అంటుంది. అదే కోడ్‌ను ఆల్పైన్ (ఒక చిన్న లైనక్స్) కంటైనర్‌లో నడిపితే అక్కడి మజల్ లైబ్రరీ చివర ఖాళీ ఉన్నా ఒప్పుకోదు. మీ ల్యాప్‌టాప్‌లో నడిచింది సర్వర్‌లో నడవకపోవడానికి ఇదొక కారణం. పైగా ఈ ఫంక్షన్ పోసిక్స్ అనే యునిక్స్ ప్రమాణంలో లేదు.

ఎప్పుడు వాడొచ్చు? నెట్‌వర్క్ ఇంజినీర్లు కమాండ్ లైన్‌లో 10.1 అని పొట్టిగా కొట్టే అలవాటున్న టూల్ రాస్తుంటే వాడుకోండి. వెబ్ ఫారం నుంచో, ఎక్సెల్ షీట్ నుంచో, ఇంకొకరి ఏపీఐ నుంచో వచ్చే రాతకు వాడొద్దు.

భద్రత వైపు నుంచి చూస్తే ఇదే అసలు చిక్కు. లోపలి నెట్‌వర్క్ అడ్రస్‌లను అడ్డుకోవడానికి "127.తో మొదలైతే వద్దు" అని రాత మీద తనిఖీ పెడతారు. 2130706433 ఆ తనిఖీని దాటేస్తుంది, తర్వాత కనెక్ట్ చేసే కోడ్ దాన్ని ఇంచక్కా 127.0.0.1గా చదువుకుంటుంది. తనిఖీ చేసింది ఒక పార్సర్, వాడింది ఇంకో పార్సర్. 2021లో రస్ట్, గో, పైథాన్‌ల ప్రామాణిక లైబ్రరీల్లోనూ, నోడ్‌లోని నెట్‌మాస్క్ ప్యాకేజీలోనూ ఇదే కోవకు చెందిన సున్నాల లోపాలు సీవీఈలుగా (నంబరిచ్చి ప్రకటించే భద్రతా లోపాలుగా) నమోదయ్యాయి. రస్ట్ 1.53లో, గో 1.17లో, పైథాన్ 3.9.5లో దిద్దారు. తనిఖీ ఎప్పుడూ బైట్ల మీద చేయండి, తనిఖీ చేసిన ఆ బైట్లనే కనెక్ట్‌కు ఇవ్వండి.

ఇనెట్_పీటాన్: మామూలుగా ఇదే

ప్రత్యేకమైన కారణం లేకపోతే ఇదే ఎంచుకోండి. ఐపీవీ4కు సరిగ్గా నాలుగు భాగాలు, పది ఆధారపు అంకెలు, అంతే. ముందు సున్నాలుంటే జీలిబ్‌సీ, మజల్ రెండూ తిరస్కరిస్తాయి. ఐపీవీ6లో పూర్తి రూపం, జంట కోలన్ల పొట్టి రూపం, చివర ఐపీవీ4 తగిలించిన రూపం మూడూ చదువుతుంది. ఇది కచ్చితంగా ఉంటుంది గానీ దీన్ని పిలిచేవాళ్ళు అంత కచ్చితంగా ఉండరు. నాలుగు చోట్ల దెబ్బతింటారు.

మొదటిది జవాబు చూసే తీరు. 1 వస్తే సరైనది, 0 వస్తే రాత తప్పు, -1 వస్తే మీరిచ్చిన అడ్రస్ ఫ్యామిలీ (ఐపీవీ4నా, ఐపీవీ6నా అన్నది) తప్పు. సిస్టమ్ కాల్ అలవాటు కొద్దీ "సున్నా కంటే తక్కువా?" అని చూస్తే తప్పు రాతలన్నీ దాటిపోతాయి, మీ వేరియబుల్‌లో పాత చెత్తే మిగులుతుంది. ఏటాన్ అలవాటు కొద్దీ "సున్నానా?" అని చూస్తే -1 దాటిపోతుంది. "1 కాకపోతే తప్పు" అనే ఒక్క తనిఖీ చాలు.

రెండోది ఎక్కడ రాయాలో చెప్పే పాయింటర్. అది వాయిడ్ పాయింటర్, కంపైలర్ ఏదిచ్చినా నోరు మెదపదు. సాకెట్ అడ్రస్ ఉండే సాకడ్డర్_ఇన్ స్ట్రక్చర్ లోపలి సిన్_యాడర్ చిరునామా ఇవ్వాల్సిన చోట మొత్తం స్ట్రక్చర్ చిరునామా ఇస్తే ఫ్యామిలీ, పోర్ట్ గళ్ళ మీద ఐపీ బైట్లు పడతాయి. ఐపీవీ6 అని చెప్పి నాలుగు బైట్ల చోటు ఇస్తే పదహారు బైట్లు రాసేస్తుంది, పక్కనున్న వేరియబుళ్ళు చెడతాయి. ఆ క్రాష్ ఇంకెక్కడో కనిపిస్తుంది.

మూడోది చివరి న్యూలైన్. ఎఫ్‌గెట్స్‌తో ఫైలు చదివితే వరస చివర న్యూలైన్ ఉంటుంది. ఏటాన్ జీలిబ్‌సీలో దాన్ని మింగేసేది, పీటాన్ మింగదు. విండోస్‌లో దిద్దిన కాన్ఫిగ్ ఫైలైతే క్యారేజ్ రిటర్న్ కూడా ఉంటుంది. ఫైలులో మొదటి అడ్రస్ ఒక్కటే చెల్లక మిగతావన్నీ చెల్లితే, నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 బీఓఎమ్‌తో (ఫైలు మొదట్లో పెట్టే గుర్తుతో) సేవ్ చేసిందేమో చూడండి. ఆ మూడు బైట్లు తెర మీద కనిపించవు. రాత రెండు వైపులా ఖాళీలు, బీఓఎమ్ తీసేశాకే పీటాన్‌కు ఇవ్వండి. ఆ శుభ్రం మీ కోడ్‌లో పైకి కనిపించేలా ఉండాలి.

నాలుగోది అది చేయని పనులు. 192.168.10.0/24 అని స్లాష్ ఉంటే ఒప్పుకోదు, స్లాష్ దగ్గర విడగొట్టి ప్రిఫిక్స్‌ను (స్లాష్ తర్వాతి సంఖ్యను) విడిగా 0 నుంచి 32లోపు ఉందో లేదో (ఐపీవీ6కు 128) చూసుకోవాలి. వెనుక పోర్ట్ ఉన్నా, ఐపీవీ6 చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉన్నా ఒప్పుకోదు. శాతం గుర్తు తర్వాత ఇంటర్‌ఫేస్ పేరున్న లింక్-లోకల్ (ఆ ఒక్క నెట్‌వర్క్‌లోనే పనిచేసే) అడ్రస్‌నూ జీలిబ్‌సీ పీటాన్ ఒప్పుకోదు. దాని సంగతి కింద చెప్తాం.

మరి డీవీఆర్ చీటీ మాటేమిటి? దాని కోసం పీటాన్‌ను వదిలి ఉదారమైన ఫంక్షన్‌కు మారొద్దు. ఆ ఫారంకు మాత్రమే, పీటాన్‌కు ముందు ఒక అడుగు పెట్టండి. నాలుగు భాగాలూ సరిగ్గా మూడేసి అంకెలుంటే, ఇది డీవీఆర్ రూపమని గుర్తించి ముందు సున్నాలు తీసేసి, వచ్చిన అడ్రస్‌ను వినియోగదారుకు చూపించి "ఇదేనా?" అని అడగండి. ఒక్క భాగంలోనే సున్నా ఉంటే ఊహించొద్దు, మళ్ళీ కొట్టమనండి. బ్రౌజర్‌లో 192.168.010.025 కొట్టి "మాకు ఓపెన్ కావడం లేదు" అని ఫోన్ చేసేవాళ్ళకూ ఇదే జవాబు. బ్రౌజర్లూ, లైనక్స్ పింగ్ కమాండూ దాన్ని 192.168.8.21గానే చదువుతాయి.

తిరుగు ప్రయాణం: ఎన్‌టోఏ, ఎన్‌టాప్

ఇనెట్_ఎన్‌టోఏ వాడటం తేలిక, అందుకే పాత కోడ్ నిండా ఉంటుంది. అది తన లోపలి బఫర్‌కు పాయింటర్ ఇస్తుంది. మళ్ళీ పిలిస్తే అదే బఫర్ మీద రాస్తుంది. ఒకే ప్రింట్ఎఫ్‌లో ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండుసార్లు పిలిస్తే రెండు చోట్లా ఒకే అడ్రస్ వస్తుంది. జీలిబ్‌సీలో ఆ బఫర్ థ్రెడ్‌కు ఒకటి చొప్పున ఉంటుంది, కాబట్టి థ్రెడ్ల మధ్య కలగాపులగం కాకపోవచ్చు. ఒకే వరసలో రెండుసార్లు పిలిస్తే మాత్రం ఏ లైబ్రరీ కాపాడదు.

ఎన్‌టాప్‌కు బఫర్ మీరే ఇస్తారు. ఐపీవీ4కు 16 బైట్లు, ఐపీవీ6కు 46. 46 ఎందుకని అడుగుతారు. ఎనిమిది నాలుగేసి హెక్స్ అంకెలూ ఏడు కోలన్లూ కలిపితే 39 కదా? చివర ఐపీవీ4 రూపం తగిలితే ఆరు గుంపులకు 24, కోలన్లకు 6, ఆపై 255.255.255.255కు 15, మొత్తం 45. చివరి నల్ బైటుతో 46. రెండు రకాలూ రావచ్చనుకున్న చోట ఎప్పుడూ ఇనెట్6_యాడర్‌స్ట్ర్‌లెన్ అనే స్థిరాంకమే వాడండి, చేత్తో 40 అని రాయొద్దు.

దీనిలోనూ ఒక ఉచ్చుంది. బఫర్‌ను ఇంకో ఫంక్షన్‌కు పాయింటర్‌గా పంపి అక్కడ సైజాఫ్ వాడితే 64 బిట్ యంత్రంలో 8 వస్తుంది. టెస్ట్‌లో 1.2.3.4 ఇచ్చి చూస్తే నల్‌తో కలిపి సరిగ్గా 8, అంటే పాసవుతుంది. ::1 కూడా పాసవుతుంది. 127.0.0.1 ఇచ్చేసరికి ఫంక్షన్ నల్ ఇచ్చి, ఎర్ర్‌నోలో (తప్పు సంఖ్య ఉండే చోట) ఈఎన్ఓఎస్‌పీసీ, అంటే చోటు చాలదని, పెడుతుంది. అందుకే టెస్ట్‌లో ఎప్పుడూ పొడవాటి అడ్రస్ ఉండాలి.

లాగ్‌లో అన్ని క్లయింట్లూ 2.0.31.144 లాంటి, 2.0తో మొదలయ్యే వింత అడ్రస్‌ల నుంచి వచ్చినట్టు కనిపిస్తే అడ్రస్ వెతకడం మానేసి కోడ్ చూడండి. ఎన్‌టాప్‌కు సిన్_యాడర్ బదులు మొత్తం స్ట్రక్చర్ ఇచ్చారు. ముందున్న 2, 0 బైట్లు ఏఎఫ్_ఇనెట్ అనే ఫ్యామిలీ, తర్వాతి 31, 144 బైట్లు పోర్ట్ 8080. మ్యాక్‌లోనైతే అదే తప్పు 16.2తో మొదలవుతుంది, అక్కడ మొదటి బైట్ స్ట్రక్చర్ పొడవు.

గెట్‌యాడర్‌ఇన్ఫో ఎప్పుడు

రెండు సందర్భాల్లో దీనికి సాటి లేదు. వినియోగదారు పేరు గానీ అంకెలు గానీ ఏదైనా ఇవ్వొచ్చన్నప్పుడు ఒకటి. ఎఫ్‌ఈ80::1%ఈటీహెచ్0 లాంటి లింక్-లోకల్ అడ్రస్ చదవాల్సినప్పుడు రెండోది. ఎఫ్‌ఈ80తో మొదలయ్యే అడ్రస్‌లు ప్రతి ఇంటర్‌ఫేస్ మీదా ఉంటాయి కాబట్టి ఏ ఇంటర్‌ఫేస్‌దో చెప్పకపోతే కనెక్ట్ కుదరదు. ఆ సంగతి 16 బైట్ల అడ్రస్‌లో ఉండదు, సాకడ్డర్_ఇన్6లోని సిన్6_స్కోప్_ఐడీ అనే గడిలో ఉంటుంది. గెట్‌యాడర్‌ఇన్ఫో ఆ గడిని నింపుతుంది, గెట్‌నేమ్‌ఇన్ఫో దాన్ని తిరిగి రాస్తుంది. ఎన్‌టాప్‌కు ఆ గడి కనపడనే కనపడదు, దాంతో రాస్తే శాతం గుర్తు తర్వాతి భాగం పోతుంది.

అంకెలే రావాలనుకుంటే ఏఐ_న్యూమరిక్‌హోస్ట్ జెండా తప్పనిసరి. అది లేకపోతే 192.168.10.256 అనే అచ్చుతప్పును కూడా హోస్ట్ పేరేమోనని డీఎన్‌ఎస్‌కు (పేర్లకు అడ్రస్ చెప్పే సర్వర్‌కు) పంపుతుంది, జవాబొచ్చేదాకా మీ ప్రోగ్రాం అక్కడే నిలబడుతుంది. ఇంటర్నెట్ సరిగ్గా లేని రోజున ఇది బాగా తెలుస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు గెట్‌నేమ్‌ఇన్ఫోకు ఎన్ఐ_న్యూమరిక్‌హోస్ట్ పెట్టడం అంతకంటే ముఖ్యం. లాగ్‌లో వరసకో రివర్స్ డీఎన్‌ఎస్ అడిగితే పని నత్తనడక నడుస్తుంది.

జెండా పెట్టినంత మాత్రాన ఇది పీటాన్ అంత కచ్చితం కాదు. ఐపీవీ4 విషయంలో ఏటాన్ మాదిరే 127.1నూ, 010నూ ఒప్పుకుంటుంది. జీలిబ్‌సీ 2.28 వరకు అడ్రస్ తర్వాత ఖాళీ, చెత్త ఉన్నా దాటించేది (సీవీఈ-2016-10739), 2.29లో దిద్దారు. మేము సూచించే వరస ఇది: ముందు ఐపీవీ4గా పీటాన్, కాకపోతే ఐపీవీ6గా పీటాన్, అదీ కాక రాతలో శాతం గుర్తుంటేనే గెట్‌యాడర్‌ఇన్ఫో. ఇంకా మూడు చిన్న సంగతులు: ఏఐ_సాక్‌టైప్ నింపకపోతే లైనక్స్‌లో ఒకే అడ్రస్ మూడుసార్లు వస్తుంది, తప్పు కోడ్‌ను జీఏఐ_స్ట్రెర్రర్‌తో చదవాలి, పని అయ్యాక ఫ్రీయాడర్‌ఇన్ఫో మరవొద్దు.

సొంతంగా రాసుకుంటే?

వద్దు. సీలో ఎస్‌స్కాన్‌ఎఫ్‌కు 999 కూడా అంకే, -5 కూడా అంకే, చివరి చెత్త దానికి పట్టదు. పైథాన్‌లో చుక్కల దగ్గర విడగొట్టి ఇంట్ చేస్తే ఇంకా సరదా. ఇంట్ ఫంక్షన్ +1ని, ఖాళీల మధ్యున్న 1ని, 1_0ని (ఇది పది) ఒప్పుకుంటుంది. తెలుగు అంకెల్నీ ఒప్పుకుంటుంది! ౧౯౨.౧౬౮.౧౦.౨౫ మీ పార్సర్‌లో చెల్లిపోతుంది. భాషాభిమానం సంగతి సరే, కింద ఉన్న ఫైర్‌వాల్‌కు ఆ అంకెలు అర్థం కావు. ఐపీఅడ్రస్ మాడ్యూల్ ఆస్కీ అంకెలు కానివి తిప్పికొడుతుంది.

ఇతర భాషల్లో

పైథాన్‌లో ఐపీఅడ్రస్ మాడ్యూలే మొదటి ఎంపిక, 3.3 నుంచి ఉంది. బైట్లు కావాలంటే ప్యాక్డ్ అనే లక్షణం చాలు. సాకెట్ మాడ్యూల్‌లోని ఇనెట్_ఏటాన్ కింది సీ ఫంక్షన్‌నే పిలుస్తుంది, దాని ఉదారత అంతా దీనికీ ఉంటుంది. ఐపీ_అడ్రస్ ఫంక్షన్‌కు రాత బదులు పూర్ణసంఖ్య 1 అందితే 0.0.0.1 అని తయారుచేస్తుంది, తప్పు చూపదు. జేసన్ నుంచి నేరుగా విలువ ఇచ్చేముందు అది స్ట్రింగ్ అవునో కాదో చూడండి.

గోలో 1.18 నుంచి నెట్ఐపీ ప్యాకేజీ వచ్చింది, కొత్త కోడ్‌కు దాని పార్స్‌యాడర్ తీసుకోండి. పాత నెట్ ప్యాకేజీలోని పార్స్‌ఐపీ ఐపీవీ4ను కూడా 16 బైట్ల స్లైస్‌గా ఇస్తుంది, స్లైస్ కాబట్టి మ్యాప్‌లో కీగా పెట్టలేం, == తో పోల్చలేం. నెట్ఐపీ విలువకు ఆ చిక్కులు లేవు. జావాలో ఇనెట్‌అడ్రస్ గెట్‌బైనేమ్ పేరులోనే ప్రమాదం ఉంది: అంకెల అడ్రస్ కాకపోతే డీఎన్‌ఎస్‌కు పోతుంది. జావా 22లో ఆఫ్‌లిటరల్ అనే పద్ధతి వచ్చింది, అది డీఎన్‌ఎస్ జోలికే వెళ్ళదు. ఆ వెర్షన్‌కు మారగలిగితే అదే వాడండి. రస్ట్‌లో ప్రామాణిక లైబ్రరీ పార్స్ చాలు, 1.53 లేదా ఆపైది అయితే.

విండోస్‌లో పీటాన్, ఎన్‌టాప్ విస్టా నుంచి ఉన్నాయి. డబ్ల్యూఎస్2టీసీపీఐపీ హెడర్ కలపాలి, డబ్ల్యూఎస్2_32 లైబ్రరీతో లింక్ చేయాలి, మింగ్‌డబ్ల్యూలో ఫంక్షన్ దొరకలేదంటే _విన్32_విన్ఎన్‌టీ విలువ 0ఎక్స్0600 పెట్టారో లేదో చూడాలి. తప్పు వివరం ఎర్ర్‌నోలో కాక డబ్ల్యూఎస్ఏగెట్‌లాస్ట్ఎర్రర్‌లో ఉంటుంది. విజువల్ స్టూడియో ఇనెట్_యాడర్ చూసి సీ4996 అని గోల పెడితే ఆ హెచ్చరికను అణచే మాక్రో వెతక్కండి, అది చెప్పేది నిజమే.

పాల శీతలీకరణ కేంద్రాల్లో ఉష్ణోగ్రత పంపే ఈఎస్‌పీ32 బోర్డుల్లాంటి వాటి మీద ఎల్‌డబ్ల్యూఐపీ అనే చిన్న నెట్‌వర్క్ లైబ్రరీ నడుస్తుంది. అక్కడి ఐపీయాడర్_ఎన్‌టోఏ కూడా ఒకే స్థిర బఫర్ వాడుతుంది, రెండు టాస్కులు ఒకేసారి లాగ్ రాస్తే అడ్రస్‌లు కలిసిపోతాయి. చివర _ఆర్ ఉన్న రూపం తీసుకుని బఫర్ మీరే ఇవ్వండి.

బైట్ల వరస, డేటాబేస్

పీటాన్ ఇచ్చేది నెట్‌వర్క్ వరస, పెద్ద బైట్ ముందు. 192.168.10.1ని సంఖ్యగా రాస్తే 3232238081. ఇంటెల్ యంత్రంలో ఎస్_యాడర్‌ను (అడ్రస్ బైట్లుండే గడిని) నేరుగా సంఖ్యగా ముద్రిస్తే 17475776 వస్తుంది, ఎందుకంటే బైట్లు తిరగబడ్డాయి. రేంజ్ పోలికకు, డేటాబేస్‌లో పెట్టడానికి ముందు ఎన్‌టోహెచ్‌ఎల్ (నెట్‌వర్క్ వరసను యంత్రపు వరసగా మార్చేది) పిలవాలి. సాకెట్‌కు ఇచ్చేటప్పుడు పిలవకూడదు. రెండుసార్లు తిప్పితే మళ్ళీ మొదటికొస్తుంది, అందుకే ఈ తప్పు కొన్నిచోట్ల దాగిపోయి, ఇంకో యంత్రం నుంచి డేటా చదివినప్పుడు బయటపడుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఇనెట్ అనే రకమే ఉంది, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. మైఎస్‌క్యూఎల్‌లో ఐపీవీ4 మాత్రమే అయితే ఇంట్ అన్‌సైన్డ్ కాలమ్, ఇనెట్_ఏటాన్ ఫంక్షన్. అన్‌సైన్డ్ మరిస్తే 127.255.255.255 దాటిన అడ్రస్‌లు పట్టవు, అంటే మీ 192.168 మొత్తం. ఐపీవీ6 వచ్చే అవకాశముంటే మొదట్నుంచే వార్‌బైనరీ(16), ఇనెట్6_ఏటాన్. రాతగా పెడితే వరసలో 10.0.0.10 ముందు, 10.0.0.9 తర్వాత వస్తుంది. ఐపీవీ6లో పరిస్థితి ఇంకా ఘోరం: 2001:డీబీ8::1 అన్నా 2001:డీబీ8:0:0:0:0:0:1 అన్నా ఒకే అడ్రస్, రాతగా పోలిస్తే రెండు. చూపించడానికి ఏకరూపం కావాలంటే ఆర్‌ఎఫ్‌సీ 5952 (2010) ఉంది: చిన్న అక్షరాలు, ముందు సున్నాలు తీసేయడం, అతి పొడవైన సున్నాల వరుసకే జంట కోలన్, ఒక్క గుంపు సున్నాకు జంట కోలన్ వద్దు.

ఒక సర్వర్ ఐపీవీ6 సాకెట్ మీదే ఐపీవీ4 క్లయింట్లనూ తీసుకుంటుంటే వాటి అడ్రస్‌లు ::ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్:192.168.10.25 రూపంలో వస్తాయి. అనుమతి జాబితాలో 192.168.10.25 ఉన్నా పోలిక కుదరదు. పోల్చేముందు మొదటి 12 బైట్లు చూసి ఐపీవీ4గా విప్పండి, గోలోనైతే అన్‌మ్యాప్ ఉంది.

పాత కోడ్‌ను మార్చేటప్పుడు

ఏటాన్ నుంచి పీటాన్‌కు ఒక్కరోజులో దూకొద్దు. మొదట రెండూ పిలవండి, వాడేది పాతదాని జవాబే, తేడా వచ్చిన ప్రతి రాతనూ లాగ్‌లో పెట్టండి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గరి కంప్యూటర్‌కో, టోకెన్ ప్రింటర్‌కో ఈ కోడ్ నడుస్తుంటే జూన్, జూలైలలో తోతాపురి లారీలు బారులు తీరినప్పుడు అసలే మార్చొద్దు. లాగ్‌లో తేలేవి దాదాపు ఎప్పుడూ మూడే రకాలు: చివరి న్యూలైన్లు, డీవీఆర్ సున్నాలు, ఎవరో పొట్టిగా రాసిన 10.1. మొదటిదాన్ని కోడ్‌లో శుభ్రం చేయండి, మిగతా రెండింటినీ కాన్ఫిగ్‌లోనే దిద్దించండి. ఆ తర్వాత పాత పిలుపు తీసేయండి.

టెస్టుల్లో కనీసం ఇవి ఉండాలి. చెల్లాల్సినవి: 0.0.0.0, 255.255.255.255, ::, ::1, 2001:డీబీ8::1, ::ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్:192.0.2.1. చెల్లకూడనివి: ఖాళీ స్ట్రింగ్, 256.1.1.1, 1.2.3, 1.2.3.4.5, 192.168.010.025, చివర న్యూలైన్ ఉన్న 192.0.2.1, రెండు చోట్ల జంట కోలన్ ఉన్న 1::2::3, 192.0.2.0/24. చెల్లినవాటిని బైట్లుగా మార్చి, మళ్ళీ రాతగా మార్చి, ఇంకోసారి బైట్లుగా మార్చి మొదటి బైట్లతో పోల్చండి, రాతతో రాతను కాదు. 192.0.2, 2001:డీబీ8 ఉదాహరణల కోసమే కేటాయించినవి (ఆర్‌ఎఫ్‌సీ 5737, 3849), కాబట్టి టెస్ట్ కోడ్ పొరపాటున నిజంగా ప్యాకెట్ పంపినా ఎవరి మెషీన్‌కూ తగలదు. జీలిబ్‌సీ మీద ఒకసారి, ఆల్పైన్ మీద ఒకసారి, మీ కస్టమర్ దగ్గరున్న విండోస్ మీద ఒకసారి ఇవే నడపండి.